కుళాయి కారుతోందా? వాషర్ మనమే మార్చుకుందాం

(చుక్కలు పడే చప్పుడు)

ఒక్క నిమిషం ఈ చప్పుడు వినండి. టప్... టప్... ఇది మా పెరట్లో గిన్నెలు కడిగే చోట ఉన్న కుళాయి. నిన్న సాయంత్రం దీని కింద లీటరు బాటిల్ పెట్టి ఫోన్లో టైం చూశాను. సరిగ్గా 50 నిమిషాలకు నిండింది. అంటే రోజుకు దగ్గర దగ్గర 29 లీటర్లు, పెద్ద బిందెతో రెండు బిందెల నీళ్లు, ఎవరికీ పనికిరాకుండా కాలువలోకి పోతున్నాయి.

అందరికీ నమస్తే. నేను అనంతపురం నుంచి మాట్లాడుతున్నాను. ప్లంబర్‌ని కాదు, ఇంట్లో మిషన్ మీద బ్లౌజులు కుట్టుకునే మనిషిని. ఈ పని కావాలని నేర్చుకోలేదు, నేర్చుకోక తప్పని రోజు వచ్చింది కాబట్టి నేర్చుకున్నాను. ఆ రోజు నాకు చెప్పేవాళ్లు పక్కింట్లోనే ఉన్నారు. మీకు లేకపోతే ఈ వీడియో ఉంటుందని చేస్తున్నాను.

2020 ఏప్రిల్, లాక్‌డౌన్. మా ఆయన బెంగళూరులో ఇరుక్కుపోయాడు. ఇంట్లో నేను, మా అత్త, ఇద్దరు పిల్లలు. మాకు మున్సిపాలిటీ నీళ్లు రోజూ రావు, వచ్చిన రోజే ట్యాంకు నింపుకోవాలి. అప్పుడే బాత్రూమ్ కుళాయి కారడం మొదలైంది. తెలిసిన ప్లంబర్‌కి ఫోన్ చేస్తే రావడానికి లేదన్నాడు, అతని తప్పు కూడా కాదు, రోడ్డు మీదికి వస్తే పోలీసులు ఆపుతున్నారు. కింద బకెట్ పెట్టాను, నిండితే మొక్కలకు పోశాను, రాత్రి మాత్రం లేవలేక వదిలేశాను. మా అత్త లేచి కూర్చుంది. "నీళ్లట్ల పోతాంటే నిద్రెట్ల పడుతుందే?" అంది.

ఆ మాట నాకు బాగా తగిలింది, ఎందుకంటే నేనూ బోరింగ్ దగ్గర బిందె పెట్టి పెరిగినదాన్నే. మాది వానలు ముఖం చాటేసే జిల్లా, పడమటి కనుమలు నైరుతి మేఘాలను అటువైపే ఆపేస్తాయి, ఏడాది మొత్తం మీద పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. నా చిన్నప్పుడు మా అమ్మ తెల్లవారుజామున మూడుకే లేచి వరసలో బిందెలు పెట్టేది. 1990ల్లో సత్యసాయి సెంట్రల్ ట్రస్టు వాళ్లు జిల్లాలో వందల పల్లెలకు పైపులు వేసి తాగునీళ్లు ఇచ్చారు, అది ఈ తరం పిల్లలకు చెప్తే మామూలు విషయంలా వింటారు గానీ, అంతకుముందు నెత్తిన బిందె మోసిన ఆడవాళ్లను అడగండి.

సరే, పని మొదలుపెడదాం.

(కెమెరా కుళాయి దగ్గరికి)

ముందు మీ కుళాయి ఏ రకమో చూసుకోండి. పిడి రెండు మూడు చుట్లు తిప్పితే గానీ పూర్తిగా తెరుచుకోదు అంటే, లోపల రబ్బరు వాషర్ ఉన్న పాత రకం. పావు చుట్టుకో అర చుట్టుకో తెరుచుకుంటే లోపల సిరామిక్ బిళ్లలు ఉన్న కొత్త రకం, దానికి వాషర్ మార్చడం ఉండదు, లోపలి స్పిండిల్, అంటే పిడితో పాటు తిరిగే ఇత్తడి ముక్క, మొత్తం మార్చాలి. విప్పే పద్ధతి మాత్రం రెండింటికీ దాదాపు ఒకటే. ఇంకో సంగతి, నీళ్లు ఎక్కడి నుంచి కారుతున్నాయి? కట్టేసినా మూతి నుంచి చుక్కలు పడుతుంటే వాషర్ పోయినట్టు. తెరిచినప్పుడు పిడి కింద నుంచి ఊరుతుంటే వాషర్ కాదు, స్పిండిల్ చుట్టూ ఉండే రింగు పోయినట్టు. మాది మూతి నుంచే.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన పని. నీళ్లు కట్టేయాలి. మేడ మీద ట్యాంకు నుంచి కిందికి వచ్చే పైపుకు గేట్ వాల్వ్ ఉంటుంది, గుండ్రటి చక్రం లాంటి పిడి, దాన్ని గడియారం ముల్లు తిరిగే వైపు బిగించాలి. నేను మొదటిసారి చేసినప్పుడు అది తుప్పు పట్టి సగమే తిరిగింది, కట్టేసినట్టే అనుకుని కుళాయి విప్పాను. నీళ్లు ఎదురు గోడకు కొట్టాయి. పిల్లాడిని పైకి పరిగెత్తించి, గుడ్డలు కుక్కి, ఎట్లాగో ఆపేసరికి సగం ట్యాంకు ఖాళీ. నీళ్లు లేక విలవిల్లాడుతున్న వారంలో సగం ట్యాంకు! ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే చెప్తున్నా, వాల్వ్ బిగించాక కుళాయి పూర్తిగా తెరిచి పెట్టండి. పైపులో మిగిలిన నీళ్లు వచ్చి, సన్నబడి, పూర్తిగా ఆగాలి. ఆగకపోతే విప్పొద్దు. మీ వాల్వ్ సరిగా పడకపోతే, మళ్లీ నీళ్లు వచ్చే ముందు రోజు, ట్యాంకు అడుగంటినప్పుడు పని పెట్టుకోండి. రెండు మూడు నెలలకు ఒకసారి ఆ వాల్వ్‌ని ఊరికే తిప్పి చూస్తుంటే బిగుసుకుపోదు.

ఆ గోల విని గోడ అవతల నుంచి పక్కింటి పెద్దాయన పలకరించాడు. ఒకప్పుడు బోర్లలోకి మోటార్లు దించే పని చేసేవాడు. మూతికి తువ్వాలు కట్టుకుని, గోడ దగ్గరే నిలబడి, అన్నీ నోటితోనే చెప్పాడు. "భయపడొద్దమ్మా. మర ఏదైనా ఒకటే, కుడికి తిప్పితే బిగుసుకుంటాది, ఎడమకి తిప్పితే ఊడొస్తాది." నాకు వచ్చిన విద్యంతా ఆ గోడ దగ్గర నేర్చుకున్నదే.

చూడండి, పిడి పైన చిన్న ప్లాస్టిక్ మూత ఉంది. దీన్ని చాకు మొనతో మెల్లగా లేపితే లోపల స్క్రూ కనిపిస్తుంది. స్క్రూ తీసి పిడిని పైకి లాగాలి. రాదు! మన దగ్గర రాదు, ఎందుకంటే బోరు నీళ్లు. ఉప్పు నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం తెల్లగా సున్నంలా పేరుకుని పిడిని పట్టేస్తుంది. సుత్తితో కొట్టొద్దు. ఒక గుడ్డను వెనిగర్లో ముంచి అరగంట చుట్టి పెట్టండి. వెనిగర్ లేకపోతే నిమ్మరసం. పులుపుకు ఆ సున్నం చిన్న చిన్న బుడగలు కడుతూ కరుగుతుంది. బాత్రూమ్ కడిగే యాసిడ్ మాత్రం పోయొద్దు, కుళాయి మెరుపు మొత్తం ఊడిపోతుంది, పైగా ఆ ఆవిరి పీలిస్తే గొంతు మండుతుంది.

(పిడి ఊడింది)

వచ్చింది. ఇప్పుడు కనిపించే ఈ ఇత్తడి ముక్కే స్పిండిల్. దీన్ని తిప్పడానికి పానా కావాలి, వెడల్పు మార్చుకునే రకమైతే ఒక్కటి చాలు. ఇక్కడ నా ఎడమ చెయ్యి చూడండి, కుళాయి ఒంటిని గట్టిగా పట్టుకుని ఉంది. పట్టుకోకుండా కుడి చేత్తో బలమంతా పెట్టారంటే కుళాయి మొత్తం తిరిగి, గోడలో ఉన్న పైపు ముక్క విరిగే ప్రమాదం ఉంది. అప్పుడు టైల్స్ పగలగొట్టాలి. పది రూపాయల పని వేలల్లోకి పోతుంది. కాబట్టి ఒక చెయ్యి పట్టుకోవడానికి, ఒక చెయ్యి తిప్పడానికి, ఎడమ వైపుకు, నిదానంగా.

స్పిండిల్ బయటికి వచ్చాక కొసన ఇదిగో నల్లటి బిళ్ల, ఇదే వాషర్. మధ్యలో గుండ్రంగా లోతుగా గీత పడింది చూశారా, అరిగిపోయి, గట్టిపడి, అంచు చిట్లింది. ఆ సందులోంచే చుక్కలు. కొన్నిటికి మధ్యలో చిన్న నట్టు ఉంటుంది, అది విప్పి మార్చాలి. మాదానికి లేదు, గోరుతో లాగితే వచ్చింది.

2020లో హార్డ్‌వేర్ షాపులు మూసి ఉన్నాయి, వాషర్ ఎక్కడ తేను? ఇంట్లో పాత సైకిల్ ట్యూబు ఉంది. కత్తెర నాకు రోజూ చేతిలో ఉండేదే. పాత వాషర్‌ని ట్యూబు మీద పెట్టి, బట్టల మీద గీసే చాక్‌పీస్‌తో గుండ్రంగా గీసి, గీత మీదుగా కత్తిరించాను. ట్యూబు పలచన కదా, రెండు పొరలు వేశాను. షాపులు తెరిచేదాకా అది ఆగింది. ఆ రాత్రి మా అత్త రెండుసార్లు లేచి కుళాయి కింద చెయ్యి పెట్టి చూసి వచ్చి పడుకుంది. ఏమీ అనలేదు. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. అది అత్యవసరానికి చేసిన పని, షాపు అందుబాటులో ఉంటే కొత్త వాషరే వేయండి. మామూలుగా ఇంట్లో కుళాయిలు అర అంగుళం సైజు, అయినా నోటితో చెప్పి కొనొద్దు, పాతది చేతిలో పట్టుకుని వెళ్లండి. రెండు మూడు ఎక్కువ తెచ్చుకోండి.

కొత్తది పెట్టే ముందు కుళాయి లోపల వేలు పెట్టి తడమండి. వాషర్ వచ్చి ఆనుకునే అంచు నున్నగా ఉండాలి. సున్నం ఉంటే వెనిగర్ గుడ్డతో తుడవండి. గుంటలు పడి గరుకుగా ఉంటే ఎన్ని వాషర్లు మార్చినా మళ్లీ కోసుకుపోతాయి, అలాంటప్పుడు కుళాయే మార్చడం మేలు.

ఇక బిగించడం. స్పిండిల్‌ని ముందు చేత్తోనే కుడికి తిప్పండి. మర సరిగ్గా పడితే చేతికి సులువుగా పోతుంది. అడ్డం పడితే వెనక్కి తీసి మళ్లీ పెట్టండి, పానాతో బలవంతం చేస్తే మర చెడిపోతుంది. చివర్లో ఒక్క పట్టు పానాతో. పిడి, స్క్రూ, మూత.

ఇప్పుడు కుళాయి కొంచెం తెరిచే ఉంచి, పైకి వెళ్లి గేట్ వాల్వ్ మెల్లగా వదలండి. ముందు గాలి బుస్సుమని వస్తుంది, ఎర్రటి నీళ్లు కాసేపు వస్తాయి, కంగారు పడొద్దు. తేటగా వచ్చాక కట్టేయండి. ఇంట్లో అందరికీ ఒక మాట చెప్పండి, నీళ్లు ఆగేంత వరకే తిప్పాలి, ఆగాక కూడా బలంగా నొక్కి తిప్పితే వాషర్ తొందరగా నలిగిపోతుంది. మా పిల్లలకు నేను ఇంకా చెప్తూనే ఉన్నాను.

(కుళాయి కింద స్టీలు గ్లాసు పెడుతూ)

గ్లాసు లోపల పొడి గుడ్డతో తుడిచాను. ఇది తెల్లారేదాకా ఇక్కడే ఉంటుంది. వీడియో ఆపుతున్నాను, పొద్దున మళ్లీ ఆన్ చేస్తాను.

(మరుసటి ఉదయం)

ఆరు గంటలైంది. ఇదిగో గ్లాసు, వేలు పెట్టి చూపిస్తున్నా. పొడిగా ఉంది.