నెక్స్ట్ సైడ్-బై-సైడ్‌లో (పక్కపక్కన కూర్చుని నడిపే నాలుగు చక్రాల ఆఫ్-రోడ్ బండి) హార్స్‌పవర్ సంగతి తర్వాత, ముందు బెల్టు సంగతి చూడండి!

నమస్తే అండి. ముందే చెప్పేస్తున్నా, ఈ డ్రైవ్ బెల్టు కిట్ ఫ్రీగా వచ్చింది. పంపినవాళ్లు బెల్టుని పొగడమన్నారు. ఈ వీడియో మొత్తం బెల్టుని తిట్టడమే.

పొలారిస్ ఆర్‌జెడ్‌ఆర్ ప్రో ఆర్ 225 హార్స్‌పవర్, క్యాన్-ఆమ్ మావెరిక్ ఆర్ 240. ఆ లెక్కలు మీరు చూసే ఉంటారు, వదిలేద్దాం. ఈ రెండు బండ్ల మధ్య అసలు తేడా గేర్‌బాక్సులో ఉంది. ప్రో ఆర్‌లో ఇంకా సీవీటీ బెల్టే, అంటే గేర్లు మార్చే పని లేకుండా రెండు పుల్లీల మధ్య తిరిగే బెల్టే ఇంజిన్ బలాన్ని చక్రాల వైపు పంపుతుంది. మావెరిక్ ఆర్‌లో ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్‌లతో గేర్లు చకచకా మార్చే గేర్‌బాక్సు), బెల్టే లేదు. హోండా టాలన్ 2019లోనే ఆరు గేర్లతో ఈ దారి పట్టింది.

బెల్టు ఎలా చస్తుందో చూడండి. బెంగళూరు దగ్గర రామనగర వైపు గ్రానైట్ బండలెక్కేటప్పుడు చాలామంది హై గేర్‌లోనే ఉంచి కొంచెం కొంచెం యాక్సిలరేటర్ ఇస్తుంటారు. ఇంజిన్ వైపు పుల్లీ అప్పుడు బెల్టుని పూర్తిగా పట్టదు. బెల్టు ఒకేచోట జారి, వేడెక్కి, అక్కడే సన్నబడుతుంది. ఇదిగో, దగ్గరికి చూపిస్తున్నా, పక్కలు అద్దంలా మెరుస్తున్నాయి కదా? ఇక దీనికి పట్టుండదు. నడక వేగమైనా, బురదైనా, లో గేరే వేయాలి. చెరువు నీళ్లు బెల్టు కవర్‌లోకి వెళ్లి బెల్టు జారుతుంటే న్యూట్రల్‌లో పెట్టి కాసేపు రేజ్ చేయండి, నీళ్లు చిమ్ముకుపోతాయి.

తెగితే కొత్తది వేసుకుని వెళ్లిపోవచ్చనుకుంటారు. అదే తప్పు! తెగిన దారప్పోగులు పుల్లీ వెనక షాఫ్టుకి చుట్టుకుని ఆయిల్ సీల్‌ని కోసేస్తాయి. టార్చి వేసి ప్రతి పోగూ లాగండి. బెల్టుకి చల్లగాలి తెచ్చే డక్టులో కూడా ఎయిర్ కొట్టండి, అక్కడ రబ్బరు ముక్కలుంటే కొత్త బెల్టుకీ గాలాడదు. పుల్లీ ముఖాలని స్కాచ్-బ్రైట్ స్క్రబ్ ప్యాడ్‌తో రుద్ది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. జిడ్డు మిగిల్చే డబ్ల్యూడీ-40 స్ప్రే మాత్రం వద్దు బాబూ. కొత్త బెల్టు మీది బాణం గుర్తు అది తిరిగే వైపుకి ఉండాలి. మొదటి 80 కిలోమీటర్లు సగం థ్రాటిల్ దాటొద్దు.

ఇదంతా చేయాలంటే కవర్ తీయాలి కదా, నా మంట అక్కడే. చాలా బండ్లలో అది వెనక చక్రం లోపలివైపు ఉంటుంది. పై స్క్రూలు కంటికి కనపడవు, వేలితో తడిమి పెట్టాలి. ఒకటి జారి బండి అడుగున ఉండే స్కిడ్ ప్లేటులో పడిందా, గోవిందా! ఇన్ని లక్షల బండికి పావు తిప్పుతో ఊడే లాచీలు నాలుగు పెట్టలేరా? అడుగున ఒక డ్రెయిన్ ప్లగ్, డ్యాష్ మీద బెల్టు టెంపరేచర్ కూడా ఇవ్వొచ్చు. మన ఎర్రమట్టి దుమ్ముకి డక్టు ముందు ఫిల్టర్ ఎలాగూ కావాలి.

నా అంచనా అయితే, పందెంలో నిలవాలంటే పొలారిస్ కూడా గేర్లకి రాక తప్పదు. కాకపోతే గేర్‌బాక్సు పోతే అడవిలో బాగుచేసుకోలేం, బరువూ ధరా ఎక్కువే. కవాసాకి కేఆర్‌ఎక్స్ 1000 మధ్యదారి పట్టింది: ఇంజిన్ వేగం పెరిగితేనే పట్టుకునే సెంట్రిఫ్యూగల్ క్లచ్ పెట్టి, బండి ఆగి ఉన్నా బెల్టు బిగువు సడలకుండా చేసింది. నెమ్మదిగా బండలెక్కేవాళ్లకి నేనైతే అదే చెప్తా. వేగం కావాలంటే మావెరిక్ ఆరే.

ఈ ఫ్రీ బెల్టా? బాగానే ఉంది. మెలిపెట్టి కుక్కకుండా సీటు వెనక స్పేర్‌గా పెట్టుకోండి. పక్కనే రెండు అదనపు కవర్ స్క్రూలు కూడా.