ఊట తగ్గింది, గట్టు తెగింది: ఊరూ కాలేజీ కలిసి చేసే ప్రకృతి పరిశోధనపై ఫోన్-ఇన్

(ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ జిల్లాల తెలుగు శ్రోతల కోసం జరిగిన ఫోన్-ఇన్ కార్యక్రమానికి అక్షర రూపం.)

వ్యాఖ్యాత: నమస్కారం. కొండ, గెడ్డ (వాగు), సముద్రపు ఒడ్డు, వీటి మీద బతికే జీవరాశి. వాటిని కాపాడుకుంటూ, వాటి బలంతోనే వరదనీ ఎద్దడినీ తట్టుకోవడానికి ఊరూ కాలేజీ అటవీశాఖా కలిసి చేసే పరిశోధన ఈ వేళ మన విషయం. వృక్షశాస్త్రం మేడమ్, నేల-నీటి పనుల సార్ మనతో ఉన్నారు. మొదటి ఫోన్ గుమ్మ వైపు నుంచి. చెప్పండి బాబూ.

శ్రోత: నమస్కారమండి. మాది కొండ మీద ఊరు, ఊరంతటికీ ఒకటే ఊట. ఇదివరకు ఎండాకాలం పొడుగునా వచ్చేది. ఇప్పుడు మార్చి దాటితే బిందె నిండడానికి చాలాసేపు పడతంది. ఒక సంస్థ వాళ్ళొచ్చి కొండ మీద కందకాలు తవ్వుతాం, కాలేజీ వాళ్ళు పరిశోధన చేస్తారు, గ్రామసభ తీర్మానం ఇయ్యండంటన్నారు. ఇయ్యొచ్చాండి?

సార్: ఇచ్చే ముందు ఒక్కమాట అడగండి. కందకాలు ఎక్కడ తవ్వాలో వాళ్ళు ఎలా తేల్చారు? ఊటకి సరిగ్గా పైనున్న వాలు కదా అందుకని అంటే ఒప్పుకోకండి. మన తూర్పు కనుమల్లో ఎక్కువ ఖోండలైటు, చార్నోకైటు రాళ్ళు. నీరు ఈ రాతి పగుళ్ళ వెంట, పైన మెత్తబడిన పొర వెంట నడుస్తుంది. పొరలు అవతలి వాలు నుంచి మీ వైపు వంగి ఉంటే మీ ఊటలో నీళ్ళు అవతల కురిసిన వానవి కావచ్చు. అప్పుడు ఇవతల ఎన్ని కందకాలు తవ్వినా ఊటకి చుక్క చేరదు. భూగర్భశాస్త్రం తెలిసినవారు దిక్సూచి పట్టుకుని కొండ చుట్టూ తిరిగి, పొర ఏ దిక్కుకి వంగిందో, పగుళ్ళు ఎటు పోతున్నాయో పటం గీయాలి. ఆ నడకలో మీ ఊరి పశువుల కాపరులు ఉండాలి. వానకి ఎక్కడ నీరు ఇంకుతుందో, ఎక్కడ జారిపోతుందో వాళ్ళకే తెలుసు.

శ్రోత: మరి కొలత మాటేటండి? మాకు మిషన్లు లేవు.

సార్: 10 లీటర్ల బకెట్టు, ఫోనులో గడియారం చాలు. ఊట నీళ్ళన్నీ ఒక్క ధారగా వచ్చేలా బంకమట్టితో అడ్డుకట్ట వేసి గొట్టం పెట్టండి. పక్కనుంచి కారిపోతే లెక్క తప్పు. బకెట్టు నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో మూడుసార్లు చూసి సగటు కట్టండి. 600ని ఆ సెకన్లతో భాగిస్తే నిమిషానికి ఎన్ని లీటర్లో వస్తుంది. 40 సెకన్లు పడితే 15 లీటర్లు. వారానికోసారి, అదే రోజున, అదే వేళకి కొలవండి. తొట్టె కట్టిన ఊట అయితే కుళాయి దగ్గర కాదు, నీళ్ళు తొట్టెలో పడే చోట కొలవాలి. ఊళ్ళో ఒక వానమాపకం పెట్టి రోజూ పొద్దున్న 8:30కి చదవండి. కందకాలకి ముందు ఒక పూర్తి సంవత్సరం ఈ లెక్క ఉండాలి.

ఇంకొకటి. దగ్గర్లో ఏ పనీ చెయ్యని మరో ఊట చూసుకుని దాన్నీ ఇలాగే కొలవండి. అది లేకపోతే వానలు బాగా పడిన ఏడు ఊట పెరిగితే కందకాల గొప్ప అనుకుంటాం, కరువు ఏడు తగ్గితే పని వృథా అనుకుంటాం. రెండూ పొరపాటే. నిధులొచ్చిన రోజే గునపం పట్టడం వల్ల ఎన్నో మంచి పనులకి రుజువు మిగలడం లేదు. నాకు బాధ కలిగించే విషయం ఇది.

శ్రోత: కందకం ఎంతుండాలండి?

సార్: 2 మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు. ఒక్కసారి నిండితే 500 లీటర్లు. నీళ్ళ గొట్టంతో మట్టం చూసుకుని వాలుకి అడ్డంగా, వరస తప్పించి తవ్వాలి. పై వరసలో ఖాళీ ఉన్న చోట కింది వరసలో కందకం రావాలి. తవ్విన మట్టి కిందవైపు జానెడు దూరం వదిలి వెయ్యండి, అంచునే వేస్తే మొదటి వానకే లోపలికి జారుతుంది. ఏటా మేలో పూడిక తియ్యాలి. పూడిన కందకం నీళ్ళు ఇంకనివ్వదు. కానీ ఒక హెచ్చరిక. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు గజపతి కొండల్లో చరియలు విరిగి ప్రాణాలు పోయాయి. నేల మీద బీటలు కనబడిన చోట, చెట్లు ఒకవైపుకి ఒరిగిన చోట, ఇళ్ళకి పైనున్న నిటారు వాలులో కందకాలు తవ్వకూడదు. ఇంకిన నీరే ఆ మట్టిని బరువెక్కించి జారుస్తుంది.

మేడమ్: అక్కడ అడవి ఉంటే దాన్ని కొట్టి కందకాలు తవ్వొద్దు. ఆకు రాలి కుళ్ళిన నేల వానని తనంతట తానే పీల్చుకుంటుంది. పోడు వదిలేసిన చోటే నాటండి: నేరేడు, ఇప్ప, ఉసిరి, మద్ది, కానుగ. విత్తనం మీ కొండదే కావాలి. నాటినవన్నీ లెక్క రాయడం సులువు, మూడో వేసవి దాటి బతికినవి ఎన్నో రాయండి, అదే అసలు లెక్క.

వ్యాఖ్యాత: తరువాత పర్లాకిమిడి నుంచి ఒక విద్యార్థిని. చెప్పమ్మా.

శ్రోత: నమస్తే మేడమ్. మాది ఎమ్మెస్సీ బోటనీ. మహేంద్రగిరి మొక్కల మీద ప్రాజెక్టు. వేరే దేశపు విశ్వవిద్యాలయం వాళ్ళు ఆకుల నమూనాలు పంపితే డీఎన్‌ఏ పరీక్ష చేసిపెడతామన్నారు. పోస్టులో పంపొచ్చా?

మేడమ్: పంపకూడదమ్మా, ఎండు ఆకైనా సరే. 2002 జీవవైవిధ్య చట్టం 3వ సెక్షన్ ప్రకారం విదేశీ సంస్థ మన జీవవనరుల్ని తీసుకోవాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి ముందే కావాలి. 5వ సెక్షన్‌లో ఉమ్మడి పరిశోధనకి మినహాయింపు ఉంది. అయితే అది ఇక్కడి సంస్థకీ అక్కడి సంస్థకీ మధ్య, కేంద్రం 2006లో ఇచ్చిన మార్గదర్శకాలకి లోబడి, ప్రభుత్వ ఆమోదం పొందిన ప్రాజెక్టుకే. ఒక విద్యార్థీ ఒక ప్రొఫెసరూ ఈమెయిల్లో మాట్లాడుకున్నది ఉమ్మడి పరిశోధన కాదు. ముందు మీ కాలేజీ పేరుతో ఒప్పంద పత్రం రావాలి. చాలా పరీక్షలు మన దేశపు ప్రయోగశాలల్లోనే అవుతాయి, మొదట ఆ దారి చూడండి.

1501 మీటర్ల ఆ కొండని ఒడిశా ప్రభుత్వం 2022లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. డీఎఫ్‌ఓ (డివిజనల్ అటవీ అధికారి) దగ్గర రాతపూర్వక అనుమతి, పంచాయతీ జీవవైవిధ్య యాజమాన్య కమిటీతో మాట, రెండూ అయ్యాకే కొండెక్కండి. కళ్ళ ముందు 20 మొక్కలు లేకపోతే ఒక్కటి కూడా కొయ్యొద్దు, ఫొటోతో సరిపెట్టుకోండి. వేరు తవ్వకండి. ఎండబెట్టిన మొక్కని అతికించే హెర్బేరియం షీటు 42 సెంటీమీటర్ల పొడవు, 28 వెడల్పు. కొమ్మ, పువ్వు, కాయ దానికి సరిపోయేంతే తీసుకోండి. మన వానాకాలంలో మొక్కని ఆరబెట్టడానికి అద్దే కాగితాలు మొదటి వారం రోజూ మార్చకపోతే బూజు పట్టి మొక్క వృథా. ఆర్కిడ్ లాంటి అరుదైనవాటి జీపీఎస్ గుర్తులు మాత్రం ఇంటర్నెట్లో పెట్టకండి. అమ్ముకునేవాళ్ళు కూడా అవి చూస్తారు.

వ్యాఖ్యాత: చికిటి నుంచి వార్డు మెంబరు గారు లైన్లో ఉన్నారు.

శ్రోత: నమస్కారం మేడమ్ గారండి. మా పంచాయతీకి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్, అదే ఊళ్ళోని మొక్కలూ జంతువుల పద్దు పుస్తకం, రాసిచ్చారండి. చూస్తే పక్క పంచాయతీదీ మాదీ ఒకటే. మా నాటువైద్యుడేమో అందులో పేర్లు తప్పంటన్నాడు.

మేడమ్: ఆయన మాట వినండి. మన దగ్గర ఒక ఊళ్ళోనే తెలుగు, ఒడియా, సవర పేర్లు మూడూ నడుస్తాయి. పాతాళగరుడి అన్న ఒక్క పేరు తీసుకోండి. సంస్కృత గ్రంథాల్లో అది మన దూసరతీగ. ఒడియాలో పాతాళగరుడ అంటే సర్పగంధ. సర్పగంధ వేరులో రక్తపోటుని బాగా దించేసే రెసర్పిన్ ఉంది. రిజిస్టర్లో ఒక పేరే రాసి పక్కన ఇంకో మొక్క శాస్త్రీయ నామం రాస్తే రేపు ఎవరికో ప్రాణం మీదకి వస్తుంది. కాబట్టి ప్రతి మొక్కకీ మూడు భాషల పేర్లకి మూడు గడులు పెట్టండి. ఆకు, పువ్వు, కాయ ఫొటోలు మొక్క దగ్గరే తియ్యండి. పేరు ఎవరు చెప్పారు, ఏ నెలలో చూశారు అన్నది రాయండి. శాస్త్రీయ నామం కాలేజీవాళ్ళు నమూనా చూసి ఖాయం చేసేవరకూ ఆ గడి ఖాళీగానే ఉంచండి. తప్పు పేరు కన్నా ఖాళీ గడి మేలు.

రాయడం కూడా ఒక్క పూటలో అయ్యే పని కాదు. వానల్లో ఒకసారి, చలికాలంలో ఒకసారి, ఎండల్లో ఒకసారి అవే చోట్లు తిరగాలి. జూలైలో కనబడే దుంప మొక్కలు ఫిబ్రవరిలో ఆనవాలు కూడా ఉండవు. ఆడవాళ్ళని వేరుగా కూర్చోబెట్టి అడగండి. ఆకుకూరలు, వంటచెరకు, దాచిన విత్తనాలు వాళ్ళ లెక్క.

శ్రోత: ఆయన కొన్ని మందులు చెప్పనంటన్నాడండి.

మేడమ్: చెప్పకపోవడం ఆయన హక్కు. మొక్క ఉందని రాయండి, మందు చేసే విధానం రాయకండి. మీవాళ్ళు అడవి హక్కులున్నవారైతే 2006 అటవీ హక్కుల చట్టం సంప్రదాయ జ్ఞానం మీద ఊరికి ఉమ్మడి హక్కు ఇచ్చింది. వ్యాపారం కోసం సరుకు తీసుకెళ్ళేవాళ్ళ దగ్గర మీ జీవవైవిధ్య కమిటీ రుసుము వసూలు చెయ్యొచ్చు, జీవవైవిధ్య చట్టం 41వ సెక్షన్‌లో ఉంది.

వ్యాఖ్యాత: ఋషికుల్య నది మొగ దగ్గర నుంచి ఒక అక్క మాట్లాడుతున్నారు.

శ్రోత: మాది జాలరిపేటండి, పొదుపు సంఘం. తుపానుకి అడ్డంగా ఒడ్డు పొడుగునా సరుగుడు నాటమంటన్నారు. తాబేళ్ళకి చెడుపని ఇంకొకలంటన్నారు. ఎవరి మాట వినాలి?

మేడమ్: నాటే చోటుని బట్టి ఇద్దరి మాటా నిజమే అక్కా. పురుణాబంధ నుంచి కంటియాగడ దాకా ఉన్న మీ ఇసుక, ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుంపులుగా గుడ్లు పెట్టే చోటు. 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షల తాబేళ్ళు ఒడ్డెక్కాయి. తాబేలు అడుగున్నర లోతు గుంత తవ్వి వందకి అటూ ఇటూగా గుడ్లు పెడుతుంది. అక్కడ సరుగుడు వేర్లుంటే తవ్వలేదు. నీడ పడితే ఇసుక చల్లబడుతుంది. పిల్ల ఆడదో మగదో తేల్చేది ఇసుక వేడే, వేడి ఎక్కువైతే ఆడవి, తగ్గితే మగవి. అందుకే అలల నుంచి ఇసుకతిన్నె నెత్తి వరకూ చెట్టు వద్దు. తిన్నె మీద బాలబంద తీగ, రావణాసురుడి మీసాలు ఉంటాయి చూడండి, అవి గాలికి లేచిన ఇసుకని ఆపి తిన్నెని పెంచుతాయి. వాటిని పీకనివ్వకండి. తిన్నె వెనక, ఊరి వైపు, సరుగుడు ఒక్కటే కాకుండా జీడి, కానుగ, పొన్న కలిపి వరసలు వెయ్యండి. ఒకే జాతి, ఒకే వయసు తోపు పెద్దగాలికి ఒక్కసారే పడిపోతుంది.

శ్రోత: పరిశోధనకని పిల్లలొచ్చి మమ్మల్ని రాత్రులు తిప్పుతారండి. కూలి ఎవరూ ఇవ్వరు.

మేడమ్: ఇవ్వాలి. నవంబర్ 1 నుంచి మే 31 దాకా ఆ నీళ్ళలో మీకు వేట నిషేధం, అదే వేళ మీ చేత లెక్కపెట్టించుకుంటున్నారు. ప్రాజెక్టు బడ్జెట్లో లెక్కింపు కూలీ అని ఒక పద్దు పెట్టించండి. అది లేని ప్రతిపాదనకి ఒప్పుకోకండి. రాత్రి తిరిగేటప్పుడు తెల్లలైటు వద్దు, ఎర్రకాగితం చుట్టిన టార్చే. అటవీశాఖ మనిషి లేకుండా గుడ్లు ముట్టుకోవద్దు, తాబేలు వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లోని జంతువు.

వ్యాఖ్యాత: ఆఖరి ఫోన్. ఛత్రపురం దగ్గర రైతు.

శ్రోత: సార్, మా పొలం గట్టు గెడ్డ కోసేస్తంది. రాతిగోడ కట్టాలంటే డబ్బు లేదు. మొగలి డొంక వేస్తే ఆగుతదా?

సార్: ఆగుతుంది, కానీ ఒంటరిగా కాదు. ముందు గెడ్డలో ఎక్కడైనా ఇసుక తీస్తున్నారేమో చూడండి. అడుగు దిగిపోతుంటే ఏ వేరూ గట్టుని నిలబెట్టలేదు, అది ఆపించాలి. తరువాత పొలం నీరు గెడ్డలోకి దూకే చోటుకి చిన్న గట్టు వేసి, రాళ్ళు పరిచిన ఒకే దారిన దింపండి. చిన్న పాయ అయితే వదులు రాళ్ళ అడ్డుకట్టలు. ఎత్తు 60 సెంటీమీటర్లు, మధ్యలో 20 తక్కువ, రెండు చివరలూ గట్టులోకి అర మీటరు దిగాలి. దిగకపోతే నీరు పక్కనుంచి కోసుకుపోతుంది. కింది కట్ట నెత్తి, పై కట్ట పాదం ఒకే మట్టంలో ఉండాలి. వందకి 3 మీటర్ల వాలైతే 20 మీటర్లకొకటి.

ఇక మొగలి. ఊడలున్న కొమ్మ మూరెడు నుంచి మూరన్నర కొట్టి, ఆకులు సగానికి కత్తిరించి, వానలు పట్టగానే నాటండి. మామూలు ప్రవాహం తగిలే గీత పైన, గట్టు పాదంలో, రెండు వరసలు, మీటరున్నర ఎడం, వరస తప్పించి. గెడ్డ అడుగున నాటితే మొదటి వరద ఎత్తుకుపోతుంది. అత్తరుకి పనికొచ్చే పువ్వు మగమొక్కదే. మట్టి పట్టడానికి ఏదైనా ఒకటే, కానీ మగ డొంక నుంచి కొమ్మ తెచ్చుకుంటే ఆదాయం కూడా వస్తుంది. మొదటి రెండేళ్ళు మేకల నుంచి ముళ్ళకంప కాపు.

శ్రోత: ఇది కూడా పరిశోధనేనాండి?

సార్: కొలిస్తే పరిశోధనే. 60 సెంటీమీటర్ల ఇనపచువ్వలు పది, గట్టు ముఖంలోకి అడ్డంగా కొట్టి 10 సెంటీమీటర్లు బయట ఉంచండి, కొసకి రంగు పుయ్యండి. పైవైపు 50 మీటర్లు ఏమీ నాటని గట్టులో ఇంకో పది. పైవైపే ఎందుకంటే కిందవైపు నీటి మీద మీ పని ప్రభావం ఉంటుంది. దసరా వెళ్ళాక ఒకసారి, సంక్రాంతికి ఒకసారి స్కేలుతో చదవండి. చువ్వ 14 బయటకొస్తే 4 సెంటీమీటర్లు కోసినట్టు. చువ్వ కనబడకపోతే ఖాళీ వదలకండి, పోయింది అని రాయండి, ఎక్కువ కోసిన చోటు అదే. పుస్తకాలు రెండు పెట్టండి, కాలేజీకి నకలు ఇవ్వండి, అసలుది మీ పంచాయతీలోనే ఉండాలి.