దూరవైద్యంలో రోగి పక్కనున్న చెయ్యి

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఈ సాయంత్రం ఇక్కడికి వచ్చిన మీ అందరికీ నమస్కారం.

దూరవైద్యం, అంటే టెలిమెడిసిన్, అనగానే మన కళ్ళ ముందు మెదిలేది ఫోన్ తెర మీద కనిపించే డాక్టరు ముఖం. నేను మాత్రం ఉప్పునీళ్ళ పాత్రలతో మొదలుపెడతాను. 1905లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో, విలెమ్ ఐంథోవెన్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త దగ్గర గుండె విద్యుత్ స్పందనలను నమోదు చేసే యంత్రం ఒకటి ఉండేది. దాని బరువు సుమారు 270 కిలోలు, నడపడానికి ఐదుగురు మనుషులు కావాలి. ప్రయోగశాలకూ ఆసుపత్రికీ మధ్య దూరం దాదాపు ఒకటిన్నర కిలోమీటర్లు. అంత యంత్రాన్ని మంచం దగ్గరకు మోసుకురాలేరు, గుండెజబ్బు మనిషిని అంత దూరం కదిలించడమూ క్షేమం కాదు. అందువల్ల రెంటినీ టెలిఫోన్ తీగతో కలిపారు. రోగి తన రెండు చేతులూ, ఒక కాలూ ఉప్పునీళ్ళ పాత్రల్లో ముంచి కదలకుండా కూర్చుంటే, ఆ గుండె లయ తీగ వెంట సాగి ప్రయోగశాలలో గీతగా పడేది. మరుసటి ఏడాది ప్రచురించిన వ్యాసానికి ఆయన పెట్టిన పేరు ‘టెలికార్డియోగ్రామ్’.

ఈ ఉదంతం చెప్పేటప్పుడు అందరూ ఆ తీగను మెచ్చుకుంటారు. నాకు గుర్తుండేది తీగకు ఇవతలి కొస. ఆసుపత్రిలో పాత్రలు అమర్చి, రోగిని సరిగ్గా కూర్చోబెట్టి, వణికే చేతులను నిలకడగా ఉంచే మనిషి లేకపోతే అవతల పడే గీతకు అర్థమే ఉండదు. దూరవైద్యం చరిత్ర పొడవునా నాకు కనబడేది ఈ సంగతే. యంత్రాలు మారుతూ వచ్చాయి, రోగి పక్కన ఒక చెయ్యి ఉండవలసిన అవసరం మాత్రం మారలేదు.

టెలిఫోన్‌తో వైద్యం చేయవచ్చన్న ఆలోచన ఇంకా పాతది. టెలిఫోన్‌కు గ్రాహం బెల్ పేటెంటు పొందిన మూడేళ్ళకే, 1879లో, ఒక డాక్టరు ఫోన్‌లో పసిబిడ్డ దగ్గు విని, అది భయపడవలసిన దగ్గు కాదని తేల్చి చెప్పిన సంగతిని ‘లాన్సెట్’ అనే వైద్య పత్రిక ప్రచురించింది. ఆ దగ్గు వినబడేలా బిడ్డను ఎత్తి ఫోన్ దగ్గర పట్టుకున్నవారు ఎవరో ఉండే ఉంటారు కదా!

అయితే ఇవతలి కొసను నిజంగా పట్టించుకున్నది ఆస్ట్రేలియాలో. అక్కడి లోపలి ప్రాంతాల్లో పశుక్షేత్రాలు ఒకదానికొకటి వందల కిలోమీటర్ల దూరంలో ఉండేవి. జాన్ ఫ్లిన్ అనే మతబోధకుడి పట్టుదలతో 1928లో క్లాంకరీ అనే ఊరి నుంచి విమాన వైద్యసేవ మొదలైంది. కానీ విమానాన్ని పిలవడమెలా? కరెంటు లేదు, ఫోను లేదు. మరుసటి ఏడాది ఆల్ఫ్రెడ్ ట్రెయిగర్ తయారుచేసిన రేడియో ఆ చిక్కు విప్పింది. సైకిల్ పెడళ్ళ లాంటివాటిని కాళ్ళతో తొక్కుతూ ఉంటే అందులోంచి రేడియోకు కావలసిన కరెంటు పుట్టేది. మొదట్లో మోర్స్ సంకేతాలు, అంటే అక్షరాలకు బదులు వాడే చుక్కలూ గీతలూ, తెలిసినవారే దాన్ని వాడగలిగేవారు. అవి తెలియని గృహిణులు సైతం కబురు పంపగలిగేలా ట్రెయిగర్ తర్వాత టైపు మీటల పలకను జోడించాడు. అక్షరం నొక్కితే సంకేతం దానంతట అదే వెళ్ళేది. నా దృష్టిలో ఇది విమానమంత గొప్ప ఆవిష్కరణ.

ఆ తరువాతి కాలంలో ప్రతి క్షేత్రానికీ ఒక మందుల పెట్టె, మనిషి దేహాన్ని గీసిన ఒక పటం ఇచ్చారు. పటంలో ఒళ్ళంతా గడులుగా విడదీసి ఒక్కొక్క గడికీ ఒక్కొక్క అంకె వేశారు. పెట్టెలోని మందులకు కూడా అంకెలే. నొప్పి ఫలానా అంకె దగ్గర ఉందని తల్లి రేడియోలో చెబితే, ఫలానా అంకె మందు ఇమ్మని డాక్టరు చెప్పేవాడు. శరీరశాస్త్రం చదవని తల్లికీ, రోగిని చూడలేని డాక్టరుకూ మధ్య ఆ అంకెలే భాష అయ్యాయి.

నడిసంద్రంలోని నావికులకు రేడియోలో సలహాలివ్వడానికి 1935లో రోమ్‌లో ఒక కేంద్రం వెలిసింది, దాని తొలి అధ్యక్షుడు రేడియో మార్గదర్శి మార్కోనీ. టెలివిజన్ వచ్చాక, 1960ల చివర్లో అమెరికాలోని బోస్టన్‌లో కెన్నెత్ బర్డ్ అనే వైద్యుడు మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌ను లోగన్ విమానాశ్రయంలోని చిన్న వైద్యకేంద్రంతో మైక్రోవేవ్ రేడియో తరంగాల ద్వారా కలిపారు. ఆసుపత్రిలోని డాక్టరు తెర మీద చూస్తూ ఉంటే, విమానాశ్రయంలో స్టెతస్కోప్‌ను సరైన చోట ఆనించింది నర్సులే. ఇలా చూసిన 1,000 సందర్భాల అనుభవాన్ని 1974లో ప్రచురించారు.

2001 సెప్టెంబర్ 7న న్యూయార్క్‌లో కూర్చున్న ఫ్రెంచ్ సర్జన్ జాక్ మారెస్కో, 6,000 కిలోమీటర్లకు పైగా దూరాన ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న 68 ఏళ్ళ మహిళకు రోబో చేతులతో పిత్తాశయం తొలగించారు. ఆ వార్త ప్రపంచమంతా మోగింది. అక్కడ ఆమె పక్కనే, అవసరమైతే కత్తి అందుకోవడానికి సిద్ధంగా సర్జన్లు నిలబడి ఉన్నారన్న మాట అంతగా వినబడలేదు.

ఇక నేటి వాడకం. ఎక్స్‌రేలు, స్కాన్‌లు, మధుమేహుల కంటిపొర ఫోటోలు దూరాన ఉన్న నిపుణులకు వెళ్ళడం ఇప్పుడు నిత్యకృత్యం. పేస్‌మేకర్లు రోగి నిద్రలో ఉండగానే కబురు పంపుతున్నాయి. వీటన్నిటికంటే ప్రాణాలతో నేరుగా ముడిపడినది పక్షవాతం చికిత్స. మెదడులోని పెద్ద రక్తనాళం పూడుకుపోతే నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని అంచనా. నాళాన్ని పూడ్చిన రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. అంతకుముందే, రక్తస్రావం లేదని స్కాన్‌లో తేలాలి. చిన్న ఆసుపత్రిలో నరాల నిపుణుడు ఉండడు, అందువల్ల ఆయన తెర మీద వస్తాడు. ‘చెయ్యి ఎత్తించండి, పది సెకన్లు నిలుస్తుందేమో చూద్దాం’ అంటాడు. చెయ్యి ఎత్తించేదీ, అది ఎటు జారుతోందో చూసేదీ, ఆ తర్వాత మందు ఎక్కించేదీ మంచం పక్కనున్న నర్సూ, డ్యూటీ డాక్టరూ. వారికి ముందే శిక్షణ ఉన్నచోట ఈ పద్ధతి చక్కగా నడుస్తుంది. లేనిచోట ఎంత మంచి కెమెరా ఉన్నా నిమిషాలు కరిగిపోతాయి.

అమెరికాలోని న్యూమెక్సికోలో కాలేయ నిపుణుడు సంజీవ్ అరోరా 2003లో మొదలుపెట్టిన ‘ప్రాజెక్ట్ ఎకో’ ఈ ఆలోచనను ఇంకా ముందుకు తీసుకెళ్ళింది. కాలేయాన్ని దెబ్బతీసే వైరస్ జబ్బు హెపటైటిస్-సి ఉన్న రోగులను ఆయన తెర మీద చూడలేదు. గ్రామాల్లో, జైళ్ళలో పనిచేసే వైద్యసిబ్బందితో వారం వారం తెర మీద కలిసి, వారి కేసులు చర్చించి, చికిత్స వారి చేతే చేయించారు. 407 మంది రోగుల ఫలితాలు 2011లో వెలువడ్డాయి. విశ్వవిద్యాలయ క్లినిక్‌లో 57.5 శాతం మందిలో వైరస్ తొలగిపోతే, ఈ పద్ధతిలో 58.2 శాతం మందిలో తొలగిపోయింది. దూరవైద్యం గురించి నేను చదివినవాటిలో నాకు అత్యంత విలువైనవిగా తోచిన అంకెలు ఇవే.

2020లో కోవిడ్ మహమ్మారి వచ్చి, నిబంధనలను రాత్రికి రాత్రి సడలించి, కోట్ల మందిని తెర ముందు కూర్చోబెట్టింది. దానివల్ల మేలు జరిగింది, కాదనను. పాత రోగి మందు మోతాదు సరిచూడడానికీ, మనసు బాగోలేనివారితో మాట్లాడడానికీ వీడియో చాలాసార్లు సరిపోతుంది. కానీ ఆ తొందరలో రోగిని ఫోనుతో ఒంటరిగా వదిలేసే అలవాటు కూడా వచ్చింది. నా ఆందోళన అక్కడే. వేలికి తొడిగే ఆక్సిమీటరునే తీసుకోండి. చర్మం ముదురు రంగులో ఉన్నవారిలో అది రక్తంలోని ఆక్సిజన్‌ను ఉన్నదానికంటే ఎక్కువగా చూపించే అవకాశం ఉంది. రోగి ఫోన్‌లో 94 అని చదివితే డాక్టరు నిశ్చింతగా ఉండకూడదు. ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా అని అడిగి, ఫోన్ వారికి ఇప్పించి, రోగి ఒక వాక్యాన్ని మధ్యలో ఆయాసపడకుండా చివరిదాకా చెప్పగలుగుతున్నాడా, పెదవుల రంగు ఎలా ఉంది, ఛాతీ ఎగిరెగిరి పడుతోందా అని ఒక్కొక్కటిగా వారిని చూడమని, చూసింది చెప్పించుకోవాలి. దానికి మరో మూడు నిమిషాలు పడుతుంది. ఆ మూడు నిమిషాలనూ అపాయింట్‌మెంట్ వ్యవధిలో ముందే కలిపి పెట్టాలని ఈ సేవలను నడుపుతున్నవారికి నా విన్నపం.