మౌస్ పక్కన పెట్టండి

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, పిల్లలందరికీ నమస్కారం. బ్రెయిలీ జయంతి కదా, ఆయన గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆయన గొప్పతనం మీకు తెలిసిందే. నేను కీబోర్డు గురించి మాట్లాడతాను. రేపు వెబ్‌సైట్లు రాసేది మీరే.

నాకు చూపు లేదు. తెర మీదున్నది ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ చదివి వినిపిస్తుంది. దాన్ని 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ అనే చూపులేని యువకుడు మొదలుపెట్టాడు. ఉచితం. హెచ్ నొక్కితే తర్వాతి శీర్షిక, షిఫ్ట్ కలిపితే వెనకటిది. బి అంటే బటన్, కె అంటే లింకు. వెబ్‌సైట్లో ఎంత పొడుగు చర్చయినా, ఒక్కో జవాబుకీ శీర్షిక ఉంటే హెచ్ నొక్కుకుంటూ నాకు కావాల్సిన మాట దగ్గర ఆగుతాను. లేదంటే కింది బాణం నొక్కుతూ ప్రతి పేరూ, ప్రతి తేదీ, ప్రతి "రిప్లై" వినాల్సిందే.

కొన్ని సైట్లు సొంతంగా ఒంటి అక్షరాల షార్ట్‌కట్లు పెడతాయి: కిందికి జె, పైకి కె. వీఐ అనే పాత టెక్స్ట్ ఎడిటర్ నాటి అలవాటు. మంచిదే, కానీ ఆపేసుకునే వీలుంచండి. గొంతుతో కంప్యూటర్ నడిపేవాళ్ళు ఒక మాట పలికితే, అందులోని అక్షరాలే షార్ట్‌కట్లయి ఏదో ఒకటి చెరిగిపోవచ్చు. వెబ్‌సైట్లు అందరికీ అందేలా రాసిన మార్గదర్శకాలు, 2018 నాటి డబ్ల్యూసీఏజీ 2.1లో ఈ నియమముంది.

ఇంకా చాలా షార్ట్‌కట్లు చెబుదామని వచ్చాను. వదిలేస్తాను. ఈమధ్య జరిగింది చెప్పకపోతే మనసు ఊరుకోదు.

నా దగ్గర నేర్చుకునే, నాలాగే కీబోర్డుతోనే పనిచేసే అమ్మాయి ఉద్యోగ పరీక్షకు దరఖాస్తు నింపుతోంది. తనంతట తనే అన్నీ నింపింది. పుట్టిన తేదీ దగ్గర ఆగిపోయింది. టైపు చేయనివ్వదు, క్యాలెండర్ మౌస్‌కే తెరుచుకుంటుంది. గడువు ఆ రాత్రికే. నెట్ సెంటర్‌కి వెళ్ళి, ముక్కూమొహం తెలియని మనిషికి పాస్‌వర్డు, ఆధార్ నంబరు, ఫోనుకొచ్చిన ఓటీపీ పైకి చదివి చెప్పింది. వింటున్నారా బాబూ? నలుగురి ముందూ పైకి చదివి చెప్పింది!

2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది. డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. ఒక క్యాలెండర్ కోసం కోర్టుకెళ్ళాలా?

ఆ పేజీ కోడ్ తీయించాం. బటన్ ట్యాగ్ ఉండాల్సిన చోట డివ్ అనే ఉత్త పెట్టె ట్యాగ్ పెట్టి మౌస్ క్లిక్ తగిలించారు. బటన్ అయితే ట్యాబ్‌కి అందుతుంది, ఎంటర్‌కీ స్పేస్‌కీ పలుకుతుంది, అదనంగా ఏమీ రాయక్కర్లేదు. ఉత్త డివ్‌కి అవేవీ రావు.

ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళు మీ ప్రాజెక్టు తెరవండి. మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ నొక్కుతూ వెళ్ళండి. ఎక్కడున్నారో చూపించే గీత కనబడుతోందా? అందంగా లేదని తీసేసినవాళ్ళు ముందు దాన్ని తిరిగి పెట్టండి. ఎక్కడైనా ఇరుక్కుంటే చెయ్యెత్తకండి, గట్టిగా పిలవండి. నేనే మీ దగ్గరికి వస్తాను.