వాషరు ఎవరు మార్చాలి? తాగునీటికి దేశాల తోడ్పాటుపై ఒక సంభాషణ

వ్యాఖ్యాత: నమస్కారం. విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలోని మా చిన్న గది నుంచి మాట్లాడుతున్నాం. మా బల్ల పక్కన ఇరవై లీటర్ల వాటర్ టిన్ను ఉంది. ఇంట్లో కుళాయి ఉన్నా తాగడానికి టిన్నే తెప్పించుకొనే ఇళ్లు మన ఊళ్లో ఎన్నో. శుభ్రమైన తాగునీటి కోసం దేశాలు ఒకదానికొకటి ఎలా తోడ్పడ్డాయన్నది ఈ రోజు అంశం. ఏజెన్సీ గ్రామాల్లో బోరింగుల పని చూసి రిటైరైన ఇంజినీరు గారు మనతో ఉన్నారు. సార్, డబ్ల్యూహెచ్‌ఓ, యూనిసెఫ్ ఉమ్మడి అంచనా ప్రకారం 2024లో కూడా 210 కోట్ల మందికి ఇంటి దగ్గరే, కావలసినప్పుడు, కలుషితం కాని నీరు అందడం లేదు. 1977లో అర్జెంటీనాలోని మార్ డెల్ ప్లాటాలో దేశాలు సమావేశమయ్యాయి, 1981 నుంచి 1990 వరకు తాగునీటి దశాబ్దమన్నారు, 2010లో ఐక్యరాజ్యసమితి నీటిని మానవ హక్కుగా గుర్తించింది. అయినా ఈ లెక్క ఇంత పెద్దదిగా ఎందుకుంది?

అతిథి: 2010 తీర్మానానికి 122 దేశాలు ఓటు వేశాయి, ఒక్కటీ వ్యతిరేకించలేదు, 41 దేశాలు ఓటింగుకు దూరంగా ఉన్నాయి. అటువంటి తీర్మానాలను నేను తక్కువ చేయను గానీ అమ్మా, ఈ పనిలో నాకు పాఠం చెప్పింది ఒక వాషరు.

వ్యాఖ్యాత: ఆ వాషరు సంగతి మొదటి నుంచీ చెప్పండి.

అతిథి: బీహారులో కరవు వచ్చినప్పుడు, 1967లో, గట్టి రాతిని తొలిచే రిగ్గులను యూనిసెఫ్ మన దేశానికి తెప్పించింది. బోర్లయితే పడ్డాయి. వాటి మీద బిగించిన పోత ఇనుము పంపులు మాత్రం ఒక కుటుంబం వాడకానికి తయారైనవి కావడంతో, ఊరంతా తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకా కొట్టేసరికి విరిగిపోయేవి. 1974లో లెక్క తీస్తే నాలుగింట మూడు పంపులు పనిచేయడం లేదని తేలింది. అప్పుడు యూనిసెఫ్, మన ప్రభుత్వం, ఇక్కడి తయారీదారులు కలిసి, షోలాపూర్‌లో అప్పటికే వాడుకలో ఉన్న ఉక్కు పంపును మెరుగుపరిచి 'ఇండియా మార్క్ టూ'ను తెచ్చారు. మన ఊళ్లలో బోరింగు అని పిలిచే చేతి పంపు అదే. దానికి పేటెంటు పెట్టలేదు, కాబట్టి ఎవరైనా చేసుకోవచ్చు; ఉగాండాలో దాన్నే 'యూ టూ' అంటారు.

వ్యాఖ్యాత: మరి వాషరు?

అతిథి: పంపు ప్రాణమంతా నేల లోపల సిలిండరులో ఉంటుంది, అందులో తోలు వాషరు అరిగిపోతే పిడి ఎంత కొట్టినా నీరు పైకి రాదు. పాడేరు దాటాక ఒక కొండ గూడెంలో పంపు ఆగిపోయి రెండు నెలలైతే, ఆడవాళ్లు మళ్లీ గెడ్డ (కొండవాగు) నీళ్లకే వెళ్లారు. జీపు పోయే దారి లేదు. పైపులు లాగే సరంజామాను భుజాల మీద మోసుకెళ్లి, మూడేసి మీటర్ల పైపులు పది, ఒక్కొక్కటే విప్పి పైకి తీస్తే చివర కనిపించింది, అరచేతిలో ఇమిడేంత వాషరు. దాన్ని మార్చడానికి ఆ ఊరివాళ్ల దగ్గర పనిముట్టూ లేదు, శిక్షణా లేదు. పంపు నిలిచిపోతే మనిషి రావడానికి రెండు నెలలు పట్టే ఏర్పాటును ఎవరు రూపొందించారని ఆ రోజు నాకు నిజంగానే కోపం వచ్చింది.

వ్యాఖ్యాత: దానికి మార్గం దొరికిందా?

అతిథి: దొరికింది. ఊరివాళ్లే బాగుచేసుకోగలిగేదే మంచి పంపు అన్న కొలమానాన్ని 1980ల్లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ యూఎన్‌డీపీ, ప్రపంచ బ్యాంకు కలిసి నడిపిన కార్యక్రమం ముందుకు తెచ్చింది. ఆ ఆలోచనతోనే, పైపులు కదపకుండా వాషరున్న ముక్కను మాత్రమే పైకి లాగే 'మార్క్ త్రీ' వచ్చింది. నా దృష్టిలో ఆ దశాబ్దం మొత్తంలో అత్యంత విలువైన మార్పు అదే.

వ్యాఖ్యాత: బయటి సాయం హాని చేసిన సందర్భాలూ ఉన్నాయి కదా?

అతిథి: బంగ్లాదేశ్. చెరువు నీటితో అతిసారం వచ్చి పిల్లలు చనిపోతున్నారని 1970ల నుంచి గొట్టపు బావులను ప్రోత్సహించారు. ఉద్దేశం మంచిదే, యూనిసెఫ్ కూడా అందులో భాగస్వామి. ఆ నీటిలో ఆర్సెనిక్ అనే విషపదార్థం ఉందేమోనని ఎవరూ పరీక్షించలేదు. 1993లో అక్కడ అది బయటపడింది. తర్వాత సుమారు 50 లక్షల బావులను పరీక్షించి, ప్రమాదకరమైన వాటి మూతికి ఎరుపు, మిగిలిన వాటికి ఆకుపచ్చ రంగు వేశారు. మన పెరట్లోది ఎరుపు, పక్కింటిది ఆకుపచ్చ అయితే ప్రతి బిందె కోసం వాళ్ల గుమ్మం తొక్కాల్సిన ఇల్లాలిని ఊహించుకోండి.

వ్యాఖ్యాత: పూర్తిగా గెలిచిన కథ ఒకటైనా ఉందా?

అతిథి: నారికురుపు అనే పురుగు జబ్బు ఉంది. మీ తరం ఆ పేరే విని ఉండదు. ఆ జబ్బున్నవాళ్లు దిగుడు బావిలో కాళ్లు పెట్టి నీళ్లు ముంచుకుంటే, కాలి పుండులోంచి పురుగు పిల్లలు ఆ నీటిలో కలిసి, తాగిన వాళ్లకు సోకేవి. 1986 ప్రాంతంలో ప్రపంచంలో ఏటా 35 లక్షల మందికి వచ్చేదని అంచనా. డబ్ల్యూహెచ్‌ఓ, యూనిసెఫ్, కార్టర్ సెంటర్ వంటి సంస్థలు, ఆయా ప్రభుత్వాలు ఎన్ని కోట్లు ఖర్చు పెట్టినా, చివరికి పని చేసింది బిందె మూతికి కట్టిన సన్నని గుడ్డ, మెట్లు మూసేసి గట్టు కట్టిన బావి, గ్రామంలో వేసిన బోరింగు. మన దేశంలో చివరి కేసు 1996లో నమోదైంది, 2000లో డబ్ల్యూహెచ్‌ఓ ధ్రువీకరణ ఇచ్చింది. 2024లో ప్రపంచం మొత్తం మీద మనుషుల్లో 15 కేసులే.

వ్యాఖ్యాత: మన నగరానికి వద్దాం. ఆసియా అభివృద్ధి బ్యాంకు 2016లో విశాఖ–చెన్నై పారిశ్రామిక కారిడార్‌కు ఆమోదించిన 63.1 కోట్ల డాలర్లలో మన నీటి సరఫరా మెరుగుదల కూడా ఉంది.

అతిథి: అందులో అధిక భాగం అప్పు, కాబట్టి దాన్ని దానంలా చెప్పుకోవడం నాకు నచ్చదు. ఏలేరు నుంచి నూట యాభై కిలోమీటర్లకు పైగా కాలువలో ప్రయాణించి వచ్చిన నీరు వీధి పైపులో కారిపోతుంటే ఆపడానికి అప్పు తెచ్చుకోవడం సబబే. తీర్చేది మాత్రం మనమే.

వ్యాఖ్యాత: ఇంతకీ ఈ టిన్ను నీళ్లు మంచివేనా సార్?

అతిథి: అందుకే లోపల మందు పూసిన కాగితమున్న ఈ పరీక్ష సీసా తెచ్చాను. 1982లో గ్వాలియర్ శాస్త్రవేత్తలు ఈ పద్ధతిని డబ్ల్యూహెచ్‌ఓ పత్రికలో ప్రచురించాక ఎన్నో దేశాల పల్లెల్లో వాడారు. గీత వరకు నీళ్లు పోసి, మూత బిగించి ఉంచితే, మలినపు సూక్ష్మజీవులు ఉన్నప్పుడు లోపలి కాగితంతో పాటు నీరూ నల్లబడుతుంది. ఆర్సెనిక్‌నీ ఫ్లోరైడ్‌నీ ఇది పట్టుకోలేదు, వాటికి వేరే పరీక్షలు కావాలి. ఇదిగో, పోశాను. ఎండ తగలని చోట పెట్టండి, రేపు సాయంత్రం రంగు చూసి నాకు ఫోన్ చేయండి.

వ్యాఖ్యాత: అప్పటిదాకా టిన్ను ముట్టుకోం సార్. వచ్చే భాగం ఆ సీసాతోనే మొదలుపెడతాం.