దీపావళి రోజే గేమ్ 7: మా సియాటెల్ మెరైనర్స్ అక్టోబర్

అందరికీ నమస్కారం. దీపావళి వ్లాగ్ పెడదామని ఎడిటింగ్‌కి కూర్చున్నాను. చూస్తే సగానికి పైగా క్లిప్పులు బేస్‌బాల్‌వే ఉన్నాయి. అందుకే పిండివంటల వీడియో విడిగా పెడతాను, ఇవాళ మాత్రం మా సియాటెల్ మెరైనర్స్ గురించే మాట్లాడతాను. 2025 అక్టోబర్‌లో మా ఇంట్లో వేరే ధ్యాస లేదు.

బేస్‌బాల్ తెలియని వాళ్ల కోసం ముందుగా ఒక విషయం చెప్పాలి. ఇక్కడ మేజర్ లీగ్‌లో 30 జట్లున్నాయి. అన్నిటికంటే చివర జరిగే పోరును వరల్డ్ సిరీస్ అంటారు. ఈ 30 జట్లలో వరల్డ్ సిరీస్ గడప ఒక్కసారి కూడా తొక్కనిది మెరైనర్స్ ఒక్కటే. గెలవకపోవడం సంగతి అటుంచండి, అక్కడిదాకా వెళ్లనే లేదు. జట్టు మొదలైంది 1977లో. 2001లో ఒకే సీజన్‌లో 116 మ్యాచ్‌లు గెలిచి లీగ్ రికార్డును సమం చేశారు. ఆ ఏడాది కూడా వరల్డ్ సిరీస్‌కి ఒక్క అడుగు ముందు న్యూయార్క్ యాంకీస్ చేతిలో ఓడిపోయారు. ఆ తర్వాత 2022 దాకా ప్లేఆఫ్స్, అంటే సీజన్ అయ్యాక జరిగే నాకౌట్ పోటీల, మొహమే చూడలేదు. మా వీధిలో ఇక్కడే పుట్టి పెరిగిన ఒక పెద్దాయన ఉన్నారు. మా బాబు మెరైనర్స్ టోపీ పెట్టుకుని కనిపిస్తే చాలు, ఆగి వాడితో చేయి కలుపుతారు. ఆయన వయసంతా ఎదురుచూపులోనే గడిచింది.

2025 మీద మాత్రం అందరికీ ఎక్కడ లేని ఆశ పుట్టింది. దానికి మొదటి కారణం కాల్ రాలీ. క్యాచర్ అంటే క్రికెట్‌లో వికెట్ కీపర్ లాంటి స్థానం, కానీ పని దానికి రెండింతలు. ప్రతి బంతికీ గొంతుక్కూర్చోవాలి, గంటకు 95 మైళ్ల వేగంతో వచ్చే బంతులు పట్టాలి, ఏ బంతి వేయాలో పిచర్‌కి, అంటే బంతి విసిరేవాడికి, సైగ చేయాలి. అంత ఒళ్లు హూనమయ్యే పని చేస్తూ ఆ కుర్రాడు సీజన్‌లో 60 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టాడు. అంతకుముందు చరిత్రలో ఏ క్యాచరూ 50 కూడా కొట్టలేదు. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తయ్యకి బేస్‌బాల్ రూల్సేమీ తెలియవు. ఆవిడ టీవీలో కాల్‌ని చూసి, "ఆ పిల్లాడికి మోకాళ్లు నొప్పి పుట్టవూ, ఎవరైనా కాస్త కూర్చోమనొచ్చు కదే అమ్మాయి" అని బాధపడేవారు. ఇంట్లో ఆవిడకు అందరికంటే ముందు నచ్చిన ఆటగాడు అతనే.

90 విజయాలతో 2001 తర్వాత మొదటిసారి మా డివిజన్‌లో, అంటే మా గ్రూపులో, ఫస్ట్ వచ్చాం. ప్లేఆఫ్స్‌లో మేము ఆడిన మొదటి రౌండ్‌లో డెట్రాయిట్ టైగర్స్ ఎదురయ్యారు. ఐదో మ్యాచ్, గెలిచినవాళ్లే ముందుకు. మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్‌లో తేలిపోయే ఆట. స్కోరు సమంగా ఉంటే తేలేదాకా ఆడుతూనే ఉంటారు. అక్టోబర్ 10న అది పదిహేను ఇన్నింగ్స్ దాకా సాగింది. దాదాపు ఐదు గంటలు! టైగర్స్ పిచర్ టారిక్ స్కూబల్ ఆరు ఇన్నింగ్స్‌లోనే మావాళ్లను 13 మందిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే బంతి సరిగ్గా తగలనివ్వకుండానే అవుట్ చేశాడు. అతను వెళ్లాకే ఊపిరి పీల్చుకున్నాం. తర్వాత ప్రతి ఇన్నింగ్స్‌కీ ఇక్కడే అయిపోతుందేమో అనిపించేది. చివరికి మా హోర్హే పొలాంకో కొట్టిన సింగిల్‌తో 3-2తో గెలిచాం. పొద్దున్నే బాబుకి బేస్‌బాల్ ప్రాక్టీస్ ఉన్నా పడుకోబెట్టలేదు. అలాంటి రాత్రి వాడికి మళ్లీ ఎప్పుడు దొరుకుతుంది చెప్పండి?

తర్వాత టొరంటో బ్లూ జేస్. ఏడింటిలో నాలుగు గెలిస్తే వరల్డ్ సిరీస్. ఇక్కడే మా ఇంటికి అసలు చిక్కు వచ్చింది. మా తమ్ముడు ఉండేది టొరంటో పక్కనే మిస్సిసాగాలో. వాడికి జేస్ అంటే ప్రాణం. పైగా మా ఫస్ట్ బేస్ ఆటగాడు జాష్ నేలర్ సొంతూరు ఆ మిస్సిసాగానే. "అక్కా, మా ఊరి కుర్రాణ్ని తీసుకుపోయి మా మీదకే వదులుతారా" అని ఫోన్ చేసి మరీ దెబ్బలాడాడు. మొదటి రెండు మ్యాచ్‌లు వాళ్ల గడ్డ మీదే గెలిచాం. 3-1, 10-3. తమ్ముడు ఫోన్ ఎత్తడం మానేశాడు. అప్పటికి ఈ ఊళ్లో ఎక్కడ చూసినా జనం కళ్లలో ఒక వెలుగు. కిరాణా షాపులో బిల్లు కొట్టే అమ్మాయి నా టీషర్ట్ చూసి "ఇంకో రెండే" అంది.

ఆ రెండే కష్టమయ్యాయి. సియాటెల్‌లో మూడో మ్యాచ్ 13-4, నాలుగోది 8-2. రెండూ చిత్తుగా ఓడిపోయాం.

ఐదో మ్యాచ్‌కి మేము స్టేడియానికి వెళ్లాం. అక్టోబర్ 17, శుక్రవారం మధ్యాహ్నం. లిన్‌వుడ్‌లో కారు పెట్టి లైట్ రైల్ ఎక్కాం. రైలంతా నీలం, ఆకుపచ్చ జెర్సీలే. ఒకరికొకరు తెలియకపోయినా అందరూ మాట్లాడుకుంటున్నారు. టీ-మొబైల్ పార్క్ పక్కనే గూడ్స్ రైళ్లు వెళ్తాయి, ఆట మధ్యలో ఆ కూత వినపడుతుంది. గార్లిక్ ఫ్రైస్ వాసన, ఆ రైలు కూత కలిస్తే నాకు ఈ ఊరే గుర్తొస్తుంది.

ఏడో ఇన్నింగ్స్ అయ్యేసరికి 2-1తో వెనకబడి ఉన్నాం. ఆ ఇన్నింగ్స్‌లోనే మా పిచర్ బ్రయాన్ వూ వేసిన బంతి టొరంటో బ్యాటర్ జార్జ్ స్ప్రింగర్ మోకాలికి బలంగా తగిలింది. అతను నొప్పితో మెలికలు తిరుగుతూ మైదానం వదిలి వెళ్లాడు. స్టాండ్స్‌లో కొందరు హేళనగా అరిచారు. అది నాకు అస్సలు నచ్చలేదు, బాబుకి కూడా అక్కడే చెప్పాను. ఈ స్ప్రింగర్ పేరు మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఎనిమిదో ఇన్నింగ్స్. ఈ క్లిప్‌లో కెమెరా ఊగిపోవడం చూస్తున్నారు కదా, స్టాండ్ మొత్తం అదురుతోంది. కాల్ కొట్టిన బంతి ఎంత ఎత్తుకు లేచిందంటే, అది కిందకి దిగేలోపు ముందు వరుసలో ఉన్నావిడ రెండుసార్లు నా చేయి గిల్లింది. ఎడమవైపు గోడ దాటి పడింది. 2-2. తర్వాత ఇద్దరికి వాక్ (పిచర్ నాలుగు బంతులు గురి తప్పితే బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కి నడిచి వెళ్లడం), ఒకరికి బంతి తగలడంతో మూడు బేసులూ, అంటే పరుగు కోసం దాటాల్సిన మూడు మజిలీలూ, నిండాయి. యుహేనియో సువారెజ్ బ్యాట్ పట్టుకుని వచ్చాడు. జులైలో అరిజోనా నుంచి తెచ్చుకున్న ఆటగాడు. ప్లేఆఫ్స్‌లో బ్యాట్ సరిగ్గా ఆడక జనం విసుక్కుంటున్న సమయం. అతను కుడివైపు కొట్టాడు. ఫీల్డర్ పరిగెత్తి పరిగెత్తి గోడ దగ్గర ఆగిపోయాడు. గ్రాండ్ స్లామ్! బేసుల మీదున్న ముగ్గురూ, తనూ కలిపి ఒక్క దెబ్బకి నాలుగు పరుగులు. మా ఆయన నెమ్మదైన మనిషి, పెళ్లిలో కూడా గట్టిగా నవ్వలేదు. ఆయన ఆ సీట్ల మధ్య బాబుని భుజాల మీదకి ఎత్తుకుని అరుస్తూనే ఉన్నారు. 6-2. ఇక టొరంటోలో రెండు మ్యాచ్‌లు, ఒకటి గెలిస్తే చాలు.

ఆరో మ్యాచ్ గురించి తక్కువ మాట్లాడతాను, కానీ నా దృష్టిలో సిరీస్ చేజారింది అక్కడే. ఫీల్డింగ్‌లో మూడు తప్పులు. వరుసగా మూడు ఇన్నింగ్స్‌లో, బేసుల మీద మనుషులుండగా డబుల్ ప్లేలు. అంటే ఒకే బంతికి ఇద్దరు అవుట్. 6-2తో ఓడిపోయాం. అందరూ ఏడో మ్యాచ్‌లోని ఒక్క బంతి గురించే మాట్లాడతారు. ఆరో మ్యాచ్‌లో వచ్చిన అవకాశాలు వాడుకుని ఉంటే ఆ బంతి వేయాల్సిన అవసరమే వచ్చేది కాదు.

అక్టోబర్ 20, సోమవారం. దీపావళి. మెరైనర్స్ చరిత్రలో మొట్టమొదటి గేమ్ 7, అంటే సిరీస్ తేల్చే ఏడో మ్యాచ్. మా టైమ్ ప్రకారం సాయంత్రం ఐదు దాటాక మొదలు, ఇక్కడ పొద్దు గూకేది ఆరు తర్వాత. లక్ష్మీపూజ, మ్యాచ్ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "పూజ పూజే" అని అత్తయ్య ముందే గట్టిగా చెప్పారు. టీవీ సౌండ్ తీసేసి పూజ చేసుకున్నాం, గుమ్మం దగ్గర, మెట్ల మీద ప్రమిదలు పెట్టాం. మూడో ఇన్నింగ్స్‌లో మా హూలియో రోడ్రిగెజ్ హోమ్ రన్. హారతి కళ్లకద్దుకుని వచ్చి కూర్చున్నాక ఐదో ఇన్నింగ్స్‌లో కాల్ హోమ్ రన్. 3-1. అత్తయ్య లేచి వెళ్లి దీపంలో ఇంకాస్త నూనె పోశారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఏడో ఇన్నింగ్స్‌లో వూ బౌలింగ్. మొదటివాడికి వాక్. రెండోవాడు సింగిల్. మూడోవాడు కావాలనే బంతిని మెల్లగా తాకించి తను అవుట్ అయ్యి, బేసుల మీదున్న ఇద్దరినీ ఒక్కో బేస్ ముందుకు పంపాడు. వరల్డ్ సిరీస్‌కి మేము ఎనిమిది అవుట్ల దూరంలో ఉన్నాం. కోచ్ డాన్ విల్సన్ నడుచుకుంటూ వచ్చి వూ చేతిలోంచి బంతి తీసుకున్నారు. బదులుగా మా ఇంకో పిచర్ ఎడ్వర్డ్ బజార్డో వచ్చాడు. ఎదురుగా స్ప్రింగర్, మూడు రోజుల కిందట మోకాలికి దెబ్బ తగిలించుకుని వెళ్లిన అదే స్ప్రింగర్.

బ్యాట్‌కి తగిలిన చప్పుడుకే తెలిసిపోయింది. బంతి ఎక్కడ పడిందో నేను చూడలేదు, బాబు మొహం చూశాను. వాడు రెండు చేతులూ టోపీ మీద పెట్టుకుని అలాగే బిగుసుకుపోయాడు. మూడు పరుగులు. 4-3.

అసలైన క్లోజర్ (చివర్లో మ్యాచ్ ముగించడానికి దించే పిచర్) ఆండ్రేస్ మునోజ్‌ని అప్పుడే ఎందుకు దించలేదని ఊరంతా ఇప్పటికీ వాదించుకుంటోంది. నేనైతే మునోజ్‌నే దించేదాన్ని. అంతకంటే గండం తర్వాతి ఇన్నింగ్స్‌లో వస్తుందని ఎవరు చెప్పగలరు? అయితే నేలబారు బంతులు రాబట్టడం బజార్డో బలం, ఆ లెక్కలో కోచ్ ఆలోచనకూ అర్థం ఉంది. బజార్డోని తిట్టేవాళ్లను మాత్రం నేను ఒప్పుకోను. డెట్రాయిట్ మీద ఆ పదిహేను ఇన్నింగ్స్ రాత్రి మనల్ని నిలబెట్టిన పిచర్లలో అతనూ ఒకడు. ఆ రాత్రి లేకపోతే ఈ రాత్రే లేదు.

తొమ్మిదో ఇన్నింగ్స్‌లో టొరంటో పిచర్ జెఫ్ హాఫ్‌మన్ మావాళ్లు ముగ్గురినీ స్ట్రైకౌట్ చేశాడు. చివరివాడు హూలియో. ఆ తర్వాత బ్యాటింగ్‌కి రావాల్సింది కాల్. హెల్మెట్ పెట్టుకుని, బ్యాట్ పట్టుకుని, వరుసలో నిలబడే ఉన్నాడు. 60 హోమ్ రన్లు కొట్టినవాడికి ఒక్క బంతి ఆడే అవకాశం రాలేదు. నాకు అన్నిటికంటే ఎక్కువ కడుపులో దేవేసింది అదే. తర్వాత విలేకరుల ముందు మాట పెగలక కళ్లు చెమర్చుకున్న కాల్‌ని చూసి అత్తయ్య, "నోటి దాకా వచ్చిన ముద్ద కదా నాయనా" అన్నారు, ఎదురుగా కూర్చున్నవాడితో అన్నట్టే.

బాబు పటపటా కన్నీళ్లు పెట్టుకున్నాడు. పండగ పూట ఏడవకూడదని ఎవరం అనలేదు. వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, సున్నుండ చేతిలో పెట్టి, ఏడవనిచ్చాం. తమ్ముడు ఆ రాత్రి ఫోన్ చేయలేదు. "హ్యాపీ దీపావళి అక్కా. మేనల్లుడికి ముద్దులు" అని మెసేజ్ మాత్రం పెట్టాడు. మ్యాచ్ గురించి ఒక్క ముక్క లేదు. వాడి పెద్దమనసు అది.

నవంబర్ 1న నేనే వాడికి ఫోన్ చేశాను. వరల్డ్ సిరీస్, లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ మీద టొరంటోకి ఇంకో గేమ్ 7. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో టొరంటో గెలుపుకి రెండే అవుట్ల దూరంలో ఉండగా డాడ్జర్స్ ఆటగాడు మిగెల్ రోహాస్ హోమ్ రన్ కొట్టి సమం చేశాడు. పదకొండో ఇన్నింగ్స్‌లో వాళ్లదే విల్ స్మిత్ ఇంకోటి. 5-4తో జేస్ ఓడిపోయారు. మమ్మల్ని ఓడించినవాళ్లు ఓడితే సంతోషం కలగాలి కదా, నాకు కలగలేదు. తమ్ముడి గొంతు పూడుకుపోయి ఉంది. "మీకు ఎనిమిది అవుట్లు, మాకు రెండే అక్కా" అన్నాడు. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం, సగం ఆట గురించి, సగం అమ్మ ఆరోగ్యం గురించి.

జట్టు కబుర్లు చెప్పి ముగిస్తాను. పొలాంకో న్యూయార్క్ మెట్స్‌కి వెళ్లిపోయాడు. ఆ పదిహేనో ఇన్నింగ్స్ సింగిల్ కొట్టినవాణ్ని వేరే జెర్సీలో చూడటం కష్టమే. నేలర్ మాత్రం ఐదేళ్లకు మాతోనే సంతకం పెట్టాడు. ఆ వార్త రాగానే బాబు చేసిన మొదటి పని మిస్సిసాగాకి వీడియో కాల్: "మామయ్యా, మీ ఊరి అబ్బాయి ఇంకో ఐదేళ్లు మా దగ్గరే!"