పెసరట్టు చెడేది పెనం మీద కాదు, మిక్సీలో

(గుంటూరులో ఉదయం నడకకు వచ్చేవారి కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నడక ముగించి టిఫిను కోసం చూసుకునేవాళ్లకి పెసరట్టుకి మించింది లేదు. పిండి పులియక్కర్లేదు, పైగా అందులో ప్రధానం పప్పే. వంద గ్రాముల ఎండు పెసల్లో మాంసకృత్తులు సుమారు 24 గ్రాములు, పీచు 16 గ్రాములు ఉంటాయి. పక్కనే ఉన్న లాం ఫారం వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచే ఎల్‌జీజీ 460 లాంటి పెసర రకాలు వచ్చాయి కాబట్టి, ఇది మనకి పరాయి సరుకేమీ కాదు.

నలుగురికి 200 గ్రాముల పొట్టు పెసలు, రెండు టేబుల్ స్పూన్ల బియ్యం, అంగుళం అల్లం ముక్క, మూడు నాలుగు పచ్చిమిరపకాయలు, చెంచా జీలకర్ర, ఉప్పు చాలు. ఎనిమిది అట్లు వస్తాయి. మనిషికి రెండు తింటే దాదాపు 12 గ్రాముల మాంసకృత్తులు అందినట్టే. బియ్యం కరకరలాడటానికే కాదు, మాంసకృత్తుల్లో ఒక భాగమై, పప్పులో తక్కువగా ఉండే మిథియొనిన్‌ని కూడా కొంత పూరిస్తుంది. అలాగని గుప్పెళ్లకొద్దీ పోస్తే అది దోసె అయి కూర్చుంటుంది.

నానబెట్టడానికి మన ఎండల్లో నాలుగు గంటలు, చలికాలంలో ఆరు గంటలు చాలు. మే నెలలో రాత్రంతా బయట వదిలేస్తే తెల్లారేసరికి నీళ్లు నురగ కట్టి వాసన వస్తాయి. రాత్రి నానెయ్యాలంటే గిన్నె ఫ్రిజ్‌లో పెట్టండి. గింజని గోటితో నొక్కితే చిట్లాలి. ఎంత నానినా రాయిలా ఉన్న గింజలు కనబడితే ఏరి పారేయండి. పొట్టు మాత్రం కడిగి పారబోయకండి, పీచులో మంచి భాగం అందులోనే ఉంది.

ఇక రుబ్బడం. చాలామంది అట్టు విరిగిందనో, సాగిందనో పెనాన్ని తిడతారు గానీ తప్పు జరిగేది ఇక్కడే. ముందు అల్లం, మిర్చి, జీలకర్ర, ఉప్పు తిప్పి, తర్వాత వడకట్టిన పెసలు, బియ్యం వెయ్యండి. ముప్పావు గ్లాసు నీళ్లు మించకూడదు, అవీ ఒక్కసారే కాదు, కొద్దికొద్దిగా. పిండి వేళ్ల మధ్య సన్న రవ్వలా తగలాలి. వెన్నలా రుబ్బితే అట్టు మెత్తగా సాగుతుంది. నీళ్లెక్కువైతే పెనం మీద నిలవక చిరుగుతుంది. అప్పుడు చెంచాడు బియ్యప్పిండి కలిపితే కాస్త గట్టెక్కుతాం.

పెనం బాగా కాగాక నీళ్లు చిలకరించి, సగానికి కోసిన ఉల్లిపాయతో తుడిచి, మంట తగ్గించి పిండి వెయ్యండి. పెనం మరీ కాలి ఉంటే పిండి గరిటెకి అంటుకుని ఉండలు కడుతుంది, చల్లగా ఉంటే అడుగంటుతుంది. నడుమ నుంచి బయటికి, గరిటె నొక్కకుండా తిప్పాలి. పైన సన్నగా తరిగిన ఉల్లి, మిర్చి చల్లి అట్లకాడతో మెల్లగా అదమండి. అర చెంచా నూనె అంచుల వెంట చాలు. మధ్యమం మంట మీద అంచులు లేచేదాకా ఆగండి. మందంగా వేస్తే తిప్పి రెండో వైపూ కాల్చాలి, లేకపోతే లోపల పచ్చివాసన పోదు, కడుపు బరువెక్కుతుంది.

ఉప్మా సంగతి అడుగుతారని తెలుసు. రుచికి ఆ జోడీయే వేరు, కాదనను. కానీ ఉప్మాతో కలిపితే ఒక్క అట్టుతో ఆపాలి, రెండు కాదు. అల్లం పచ్చడిలో బెల్లం ఉంటుంది, షుగరున్నవాళ్లు దాన్ని నంజుకోవాలే తప్ప కూరలా కలుపుకోకూడదు.

పిండి ఏ పూటకాపూట రుబ్బుకోవడం మేలు. ఫ్రిజ్‌లో ఒక్కరోజు ఉంటుంది, ఆపైన పులిసి రంగు మారుతుంది. మిగిలిన దాంట్లో ఉల్లిపాయలు కలిపి నూనెలో పునుగులు వేసుకుంటే భలే ఉంటాయి గానీ, ఆరోగ్యం పేరుతో పెట్టిన ఈ సభలో ఆ మాట నేను అన్నట్టు రాసుకోకండి.